మడక బొమ్మ మీద ఐదో బొట్టు

దసరా సెలవులకు ఎక్కడికి వెళ్లావని అడిగినవాళ్లకు అనంతపురం జిల్లా అని చెప్పాను. "అక్కడేముంది చూడ్డానికి?" అన్నారు. ఒక పాత ఇంగ్లీషు పుస్తకంలో ఒక పేజీ చూడ్డానికి వెళ్లానంటే ఇంకాస్త జాలిగా చూశారు. హైదరాబాదులో దొరకదా, ఆన్‌లైన్లో తెప్పించుకోకూడదా అని సలహాలు కూడా ఇచ్చారు. దొరకదు, కుదరదు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఇంగ్లండులో అచ్చుయంత్రం కొత్తగా నిలదొక్కుకుంటున్న రోజుల్లో వచ్చిన పుస్తకాలంటే నాకు పిచ్చి. అసలు ప్రతులు నా జీతానికి అందవు. అవి అక్కడి గ్రంథాలయాల్లో అద్దాల వెనక ఉంటాయి. కానీ వాటిని పేజీ పేజీ ఫొటో తీసి, మరకలతో సహా, చిరుగులతో సహా అలాగే అచ్చు వేసిన నకళ్లు ఉంటాయి. వాటిని ఫ్యాక్సిమిలీలంటారు. పాత పుస్తకాల అంగళ్లలో, మూతపడిన లైబ్రరీల్లో, చనిపోయిన ప్రొఫెసర్ల ఇళ్లలో వెతికి వెతికి అవి పోగుచేస్తాను. మా ఇంట్లో బట్టల బీరువాలో బట్టలు తక్కువ.

ఈసారి గొడవ ఒక నాగలి బొమ్మ గురించి. పొలం పనుల మీద వచ్చిన ఒక పాత పుస్తకాన్ని ఇద్దరు అచ్చు వేశారు. ఒకడు పేరున్న పెద్ద ముద్రాపకుడు, ఇంకొకడు ఎవరికీ తెలియని చిన్నవాడు. రెండింటిలోనూ ఒకే చెక్క అచ్చుతో వేసిన నాగలి బొమ్మ ఉంది. రెండింటిలోనూ సంవత్సరం ఉండే మొదటి పేజీ లేదు. చిన్నవాడు పెద్దవాడి పుస్తకాన్ని కాజేశాడని అందరూ రాసుకుంటూ వచ్చారు. కాదు, చిన్నవాడే ముందు వేశాడు, కాజేసింది పెద్దవాడే అని నేను అన్నాను. గట్టిగానే అన్నాను.

తేల్చడానికి ఒక దారి ఉంది. చెక్క అచ్చును వాడి మూల పడేస్తే పురుగు తొలుస్తుంది. ఆ రంధ్రానికి సిరా అంటదు కాబట్టి కాగితం మీద అక్కడ తెల్ల చుక్క పడుతుంది. పడిన రంధ్రం పూడదు. అందుకని చుక్కలు తక్కువ ఉన్న బొమ్మ ముందుది, ఎక్కువ ఉన్నది తర్వాతది. పెద్దవాడి బొమ్మలో ఐదు చుక్కలున్నాయి. చిన్నవాడి బొమ్మలో అంతకంటే తక్కువ ఉంటే నేను గెలిచినట్టే.

చిన్నవాడి పుస్తకం ఫ్యాక్సిమిలీ నా దగ్గర ఉంది. అందులో ఒక్క చుక్క కూడా లేదు. నాకు మొదట ప్రాణం లేచి వచ్చింది. తీరా ముందుమాట చదివితే, బొమ్మ అందంగా ఉండాలని చుక్కలన్నిటికీ నల్లరంగు పూసి సరిచేశామని ప్రచురణకర్త గర్వంగా చెప్పుకున్నాడు. అసలు ప్రతి చూద్దామా అంటే అది ఎప్పుడో నీళ్లలో తడిసి ఆ పేజీయే పోయింది. కంప్యూటర్లో దొరికే నకలు అరిగిన ఫిల్ము నుంచి తీసింది, బొమ్మంతా మసి పూసినట్టు ఉంటుంది. ఇక మిగిలింది, రంగు పూయకముందు కొద్ది ప్రతులు వేసిన పాత ఫ్యాక్సిమిలీ. నా వ్యాసం వేసుకోబోయే పుస్తక సంపాదకుడు, దసరా తర్వాతి వారంలోగా ఆధారం చూపిస్తే అధ్యాయం ఉంటుంది, లేకపోతే తీసేస్తానని ఖచ్చితంగా చెప్పేశాడు.

అలాంటి సమయంలో మా ఫిజిక్స్ లెక్చరర్ సుజాత స్టాఫ్ రూములో ఫోనులో ఒక ఫొటో చూపించింది. ఆమెది ఉరవకొండ వైపు. నిరుడు వాళ్ల బంధువుల ఇంట్లో ఆయుధపూజ ఫొటో అది. ట్రాక్టరు, కొడవళ్లు, పారలు, పానాలు, మధ్యలో పీట మీద తెరిచిపెట్టిన ఒక పెద్ద పుస్తకం. అందులో నాగలి. ఆమె చేతిలోంచి ఫోను లాక్కున్నాను. పేజీ చుట్టూ ఉన్న తీగల అంచు నాకు నిద్రలో కూడా తెలుసు. బొమ్మ మీద ఎర్రగా ఏదో ఉంది గానీ ఫొటోలో ఆనలేదు. "ఆ పుస్తకం నవమి నాడు తప్ప బయటికి తీయరు మేడం," అంది సుజాత. నేను అప్పటికే రైళ్లు చూస్తున్నాను.

గుంతకల్లు: ఉగ్గాని

పొద్దున్నే దిగేసరికి ఆకలి. స్టేషన్ బయట బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మరమరాలు నీళ్లలో తడిపి పిండి, తాలింపు వేసి, పప్పుల పొడి చల్లి ఇస్తారు. మా గోదావరి వాళ్లకు మరమరాలంటే సాయంకాలం పిల్లలు నమిలే సరుకు. పొద్దున్నే ఫలహారం అంటే నవ్వుతారు. నేనూ నవ్వుదామనుకుని మొదలుపెట్టి రెండో ప్లేటు చెప్పాను. నలభై రూపాయలకు అంత పెట్టడం మా ఊరి హోటళ్లవాళ్లు వచ్చి నేర్చుకోవాలి. బజ్జీ మాత్రం నా అహంకారాన్ని కాస్త అణచింది. మేమూ కారం తింటాం అనుకునేదాన్ని.

కారు డ్రైవరు మాబు అక్కడే పరిచయమయ్యాడు. నా కళ్లలో నీళ్లు చూసి మజ్జిగ తెచ్చిచ్చాడు.

"యాడికి మేడం పోవల్ల?"

"ముందు కణేకల్, తర్వాత విడపనకల్లు దగ్గర ఒక ఊరు."

"ఎవురన్నా సుట్టాలు ఉండారా?"

"లేరు. పుస్తకాలు చూడాలి."

మాబు ఖాళీ గ్లాసు తీసుకున్నాడు. "పుస్తకాలు సూసేకి ఈడికి వచ్చినారా? ఈడ సూసేకి మోడాలు తప్ప ఏం లేవు. అవి గూడా ఊకె సూసేకే, వాన పడదు." మబ్బుల్ని మోడాలంటారని నాకు అప్పుడే తెలిసింది. ఆ రోజంతా మోడాలు మా కారు పైనే నడిచాయి, చినుకు రాలలేదు.

కణేకల్: ఎర్ర అట్ట

కణేకల్లో కాలవ పక్కన ఉన్నంతసేపూ మా కోనసీమకు వచ్చినట్టే ఉంటుంది. వరి, కొంగలు, గట్ల మీద గడ్డి. కాలవ దాటి కాస్త పోగానే ఎండిన కంది, ఎడంగా మొలిచిన శెనక్కాయ. ఇక్కడి వాళ్లకు ఆ తేడా కనపడటం మానేసినట్టుంది. నేను కారు ఆపించి ఫొటోలు తీస్తుంటే మాబు అద్దం తుడుచుకుంటూ కూర్చున్నాడు.

నాగభూషణం శెట్టి గారిది బట్టల అంగడి. ఆయన దగ్గర కూడా ఒక పాత ఇంగ్లీషు పుస్తకం ఉందని సుజాత చెప్పింది. ఆయన గల్లాపెట్టె పక్కనుంచి దాన్ని తీశాడు. ఎర్ర గుడ్డతో, పసుపు దారంతో, అచ్చం దీపావళికి పూజ చేసే ఖాతా పుస్తకంలా బైండింగు.

"మా నాయన బళ్లారిలో కొన్న్యాడమ్మా. అట్ట సినిగిపోయి దరిద్రంగా ఉండె. అంగట్లో అట్లాంటిది పెట్టుకుంటే లచ్చిమి నిలుస్తాదా? నేనే చేపిచ్చినా."

తెరిచాను. ఒక పాత ఓడ ప్రయాణం పుస్తకానికి ఫ్యాక్సిమిలీ. మంచి అచ్చు, మంచి కాగితం. కానీ అంచులు చాకుతో కోసినట్టు సమంగా ఉన్నాయి. "పక్కన ఖాళీలో చేతిరాత ఏమైనా ఉండేదా?" అని అడిగాను.

"ఎవడో పిచ్చిగీతలు గీకినాడమ్మా పుస్తకం పొడుగునా. అంతా కొట్టేపిచ్చి నున్నగా చేపిచ్చినా. సూడండి, ఎంత శుభ్రంగా ఉండాదో!"

ఆ పిచ్చిగీతలు, అసలు పుస్తకం కొత్తగా ఉన్నప్పుడు చదివిన ఎవరో రాసుకున్నవి, ఫొటోలో అలాగే దిగినవి. నాలాంటివాళ్లు వాటికోసమే ఆ పుస్తకం కొంటారు. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఆయన ముఖంలో సంతోషం చూసి రెండూ మింగేశాను. బేరం మాత్రం వదల్లేదు. ఆయన బైండింగు కూలీ కూడా కలిపి చెప్పాడు. కోసేసినందుకు తగ్గించాలని నేను. శుభ్రం చేసినందుకు పెంచాలని ఆయన. చివరికి నేనే నెగ్గాననుకుని బయటికి వచ్చాను. ఆయన కూడా చాలా హుషారుగా కనిపించాడు.

విడపనకల్లు దారిలో

దారంతా నల్లరేగడి. పెద్ద పెద్ద గాలిమరలు నెమ్మదిగా తిరుగుతున్నాయి, కింద పత్తి వాడిపోయి నిలబడి ఉంది. నవమి కాబట్టి ఎదురొచ్చిన ప్రతి బండికీ అరటి పిలకలు, బంతిపూలు. బస్సు డ్రైవరు స్టీరింగుకు పసుపు, మెకానిక్ షాపులో జాక్‌కు దండ. మాబు కూడా ఒక చోట ఆపి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు.

"ముస్లింవి కదా, నువ్వు కూడా చేస్తావా?" అన్నాను.

"కారు అందరిదీ గదా మేడం," అన్నాడు, "నాదొక్కడిదేనా?"

మా వైపు ఆయుధపూజ అంటే ఫ్యాక్టరీల్లో, గ్యారేజీల్లో ఎక్కువ. ఇళ్లలో పుస్తకాలకు సరస్వతి పూజ చేసి ఊరుకుంటాం. ఇక్కడ చీపురుకు కూడా బొట్టు పడుతుంది.

నా ధైర్యం చూసుకుంటే నాకే ముచ్చటగా ఉంది. సంచిలో భూతద్దం, చుక్కలు పోయిన నా ఫ్యాక్సిమిలీ, పెద్దవాడి బొమ్మ జిరాక్సు ఉన్నాయి. మార్పిడికి వాళ్లు ఒప్పుకుంటారనే అనుకున్నాను. పాత పుస్తకానికి బదులు అదే బొమ్మ ఉన్న కొత్త పుస్తకం ఇస్తానంటే ఎవరు కాదంటారు?

నవమి: పీట మీద పుస్తకం

సుజాత బంధువు చంద్రారెడ్డిది రోడ్డు పక్కనే మిద్దె. ముందు వాకిట్లో ట్రాక్టరు పెళ్లికొడుకులా ఉంది. "రాండక్కా, సుజాత ఫోన్ చేసింది," అని కుర్చీ వేశాడు. పూజ దగ్గర ఉన్నది ఆయన తల్లి నరసమ్మ. డెబ్బై దాటి ఉంటాయి, నడుం వంగలేదు.

నేను కుర్చీలో కూర్చోలేదు. నేరుగా పీట దగ్గరికి పోయి వంగి చూశాను. నేను వెతుకుతున్న పుస్తకమే. రంగు పూయని పాత ఫ్యాక్సిమిలీయే. నాగలి బొమ్మ మీద మాత్రం, ఏళ్ల తరబడి పెట్టిన కుంకుమ ముద్దలు ముద్దలుగా పేరుకుపోయి ఉంది.

"అయ్యో, ఏం పని చేశారు!" అనేశాను.

"ఏమైందమ్మా?" అంది నరసమ్మ.

చేయి పెట్టబోయాను. ఆమె నా చేయి పట్టుకుంది. "ఈ పొద్దు కదిలియ్యకూడదు. పూజలో పెట్టినవి రేపు హారతి ఇచ్చినాకనే ముట్టేది."

కూర్చోబెట్టి నీళ్లిచ్చి సంగతి చెప్పారు. నరసమ్మ మామగారు మద్రాసులో పాత పుస్తకాల అంగట్లో ఈ బొమ్మ చూసి కొన్నాడట. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఇంగ్లీషోళ్లకు కూడా మడకలు ఉన్నాయని ఊళ్లో అందరికీ చూపించడానికి తెచ్చాడు. ఈ వైపు నాగలిని మడక అంటారు. తర్వాత ట్రాక్టరు వచ్చింది, ఇంట్లోని కొయ్య మడక చెదలు పట్టి పోయింది. మడక లేకుండా ఆయుధపూజ ఎట్లా చేసేదని నరసమ్మ అత్త ఆ ఏడు అన్నం ముట్టలేదట.

"అప్పుడు మా మామ ఈ బుక్కు తెరిచి, 'ఇదో, మడక ఉండాది గదా, దీనికి పెట్టు' అన్న్యాడు. అప్పట్నుంచి ఇదే మా మడక," అంది నరసమ్మ.

నేను నా సంచిలోంచి చుక్కలు లేని పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాను. "ఇదే బొమ్మ, పెద్దమ్మా. కొత్తది, శుభ్రంగా ఉంది. ఇది మీరు ఉంచుకోండి, అది నాకివ్వండి."

"ఇచ్చేయ్ మా, మనకు సదివేకి వస్తాదా?" అన్నాడు చంద్రారెడ్డి.

"సదివేకి గాదురా, మొక్కేకి," అని ఆమె నా పుస్తకం దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసింది. వేలితో మడక మీద అక్కడక్కడా తడిమింది. తల అడ్డంగా ఊపింది.

"ఇది మా మడక మాదిరే ఉండాది గానీ, దీంట్లో తెల్ల సుక్కలు లేవు గదమ్మా. దీనికి బొట్టు యాడ పెట్టల్ల?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక పీట వైపు తిరిగాను. "మీరు చుక్కలున్న చోటే బొట్టు పెడతారా?"

"మల్ల? ఈడీడ పెట్టండని జాగా సూపిచ్చినారు గదా. ఆడే పెడ్తాము. మా అత్త కాన్నుంచి అంతే."

పురుగు తొలిచిన రంధ్రాలు! అవి బొట్టు కోసం వదిలిన జాగాలనుకుని, ప్రతి ఏడూ తప్పకుండా, వాటి మీదనే కుంకుమ పెట్టారు. బొమ్మ పాడు కాలేదు. ఒక్కో రంధ్రం ఎర్రగా గుర్తుపెట్టి ఉంది. ఆ ముసలామెను కావలించుకోవాలనిపించింది. పీట ముందు మోకాళ్ల మీద కూర్చుని లెక్కపెట్టాను.

ఐదు.

మళ్లీ లెక్కపెట్టాను, ఐదే. పెద్దవాడి బొమ్మలో ఉన్నవీ ఐదే. ఎవరు ముందో ఎవరు వెనకో తేలదు. అధ్యాయం పోయినట్టే.

భోజనానికి పిలిచారు. ఓళిగలు, నెయ్యి, వంకాయ కూర, ఊరిబిండి అనే వేరుశెనగ పచ్చడి, జొన్నరొట్టె. మా బొబ్బట్టు అరచేతిలో పడుతుంది, ఇక్కడి ఓళిగ విస్తరంత. మరో రోజైతే లెక్కలేకుండా తినేదాన్ని. ఆ పూట తుంచి ముందు పెట్టుకుని కూర్చున్నాను.

"ఏమ్మా, బాగలేదా?" అంది నరసమ్మ.

చెప్పేశాను. పురుగు సంగతి, ఇద్దరు ముద్రాపకుల సంగతి, నాలుగుంటే నా మాట నిలిచేదని, ఐదున్నాయి కాబట్టి పోయిందని. ఆమె ఓళిగ మీద నెయ్యి పోస్తూ విన్నది.

"సుక్కలు నాలుగే ఉండాయి గదమ్మా," అంది.

"బొట్లు ఐదున్నాయి."

"బొట్లు ఐదే. సరి లెక్కలో బొట్లు పెడ్తారా యాడన్నా? మూడు పెట్టల్ల, ఐదు పెట్టల్ల. సుక్కలు నాలుగు ఉండెనని మా అత్త ఇంగొకటి కలిపింది. మేడి మీద, చెయ్యి పట్టుకునే తావున ఉండాదే, అది మాది."

నేను లేచి ఎంగిలి చేత్తోనే పీట దగ్గరికి పరిగెత్తాను. పెద్దవాడి బొమ్మలో ఐదో చుక్క కర్రు పక్కన ఉంది. ఇక్కడ కర్రు పక్కన ఏమీ లేదు, నల్లగా ఉంది. మేడి మీద బొట్టు ఉంది. అయినా, ఒక ముసలావిడ భోజనాల దగ్గర చెప్పిందని రాస్తే ఆ సంపాదకుడు నవ్వుతాడు. మేడి మీది కుంకుమ కింద చుక్క ఉందో లేదో చూపించాలి. బొమ్మ వెనక పేజీ ఖాళీ. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే సిరా లేని చోట వెలుగు దిగుతుంది, ఉన్న చోట దిగదు. ఎత్తడానికి మాత్రం రేపటిదాకా వీల్లేదు.

"ఒక్క నిమిషం ఎత్తితే ఏమవుతుంది పెద్దమ్మా?" అన్నాను.

"ఏం గాదు. అయినా ఎత్తగూడదు," అంది నరసమ్మ. తిరిగొచ్చి ఓళిగ తిన్నాను. ఇంకొకటి కూడా అడిగి వేయించుకున్నాను.

దశమి: ఎండ

రాత్రికి నేనూ మాబూ అక్కడే ఉండిపోయాం. పొద్దున్నే హారతి ఇచ్చారు. చంద్రారెడ్డి కొడవలిని కాస్త జరిపాడు, పారను జరిపాడు, ట్రాక్టరును నిమ్మకాయల మీద ఒక బారెడు నడిపి ఆపాడు. అంతటితో పనిముట్లకు సెలవు అయిపోయినట్టు. నరసమ్మ పుస్తకాన్ని నాకివ్వలేదు. తనే రెండు చేతులతో ఎత్తుకుని వాకిట్లోకి వచ్చి, బొమ్మ పేజీని సూర్యుడి వైపు తిప్పి నిలబెట్టింది.

నాలుగు బొట్లు నిప్పు కణికల్లా వెలిగాయి. మేడి మీదిది వెలగలేదు. కుంకుమ పలచబడ్డ చోట దాని కింద నల్ల గీతలు తెగకుండా పోతున్నాయి. భూతద్దంలో చూశాను, మాబుకు కూడా చూపించాను. వరసగా ఫొటోలు తీసి సంపాదకుడికి అక్కడినుంచే పంపాను. గెలిచానని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. వాకిట్లో గట్టిగానే అరిచాను, కోళ్లు చెదిరిపోయాయి.

"అంటే," అన్నాడు చంద్రారెడ్డి, "నాలుగా ఐదా అని తెలుసుకునేకి రాజమండ్రి నుంచి వచ్చినావా అక్కా?"

"అవును."

"ఫోన్ చేసింటే మా అమ్మే చెప్పింటాది గదా!"

నవ్వి ఫోను సంచిలో వేసుకున్నాను. పుస్తకం అమ్ముతారేమోనని చివరి ప్రయత్నం చేశాను. మంచి దుడ్లు వస్తాయేమో కదా అని ఆయన తల్లి ముఖం చూశాడు. "దుడ్లు కావల్లంటే నీ ట్రాక్టరు అమ్ముకోపోరా," అందామె. ఆ మాట అక్కడితో ముగిసింది. నేనూ మళ్లీ అడగలేదు, ఇప్పుడు అడగాలని లేదు కూడా. ఆ పేజీ నా బీరువాలో కంటే ఆ ఇంట్లోనే భద్రంగా ఉంటుంది.

అధ్యాయం ఉంచుతున్నానని సంపాదకుడి జవాబు నేను ఇల్లు చేరకముందే వచ్చింది. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ వాకిట్లో ఇంకొక పని జరిగింది.

నా పుస్తకం సంచిలో పెట్టుకుంటుంటే నరసమ్మ ఆపింది.

"తెచ్చి మా పూజ కాడ పెట్టినావు గదా. దశమి పూట దాన్ని ఉత్త నొసలుతో పంపిస్తామా? తెరువు."

పుస్తకం దగ్గర టీ కప్పు పెట్టిన విద్యార్థిని తరగతి బయటికి పంపిన మనిషిని నేను. అయినా నాగలి పేజీ తెరిచి రెండు చేతులతో పట్టుకున్నాను. ఆమె కుంకుమలో వేలు తడిపి బొమ్మంతా వెతికింది. ఎక్కడా తెల్ల చుక్క లేదు. చివరికి మేడి మీద, వాళ్ల అత్త పెట్టిన చోటే, ఒక్క బొట్టు పెట్టింది.

"ఒకటే పెట్టారేం పెద్దమ్మా?" అన్నాను.

"సాలు," అంది నరసమ్మ వేలు కొంగుకు తుడుచుకుంటూ. "ఒకటి గూడా బేసే గదా."